పచ్చగా ఉంటే బతికున్నట్టేనా?

(వామన వృక్షాలు, అంటే కుండీల్లో పొట్టిగా ఉంచే బోన్సాయ్ చెట్లు పెంచడం కొత్తగా మొదలుపెట్టినవారి కోసం విశాఖపట్నంలో ఒక ఆదివారం ఉదయం జరిగిన సమావేశంలోని ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినబడుతోందాండీ? సరే. ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు మాత్రం కుండీలు కాస్త పక్కకి జరపండి. ఆ గాలికి మట్టి ఇట్టే ఎండిపోతుంది.

చాలామంది చేతుల్లో జూనిపర్ కనిపిస్తోంది, అదే, ఆ దేవదారు లాంటి చలిదేశాల చెట్టు. కొన్ని కడియం నర్సరీల నుంచి వచ్చినట్టున్నాయి, కొన్ని బెంగళూరు నుంచి పార్సిల్లో దిగినట్టున్నాయి. కొమ్మలు వంచడానికి లోహపు తీగ చుట్టడం నేర్పుతారని వచ్చారు, నేర్పుతాను. దానికంటే ముందు ఓ పని చెయ్యండి. కుండీని వెలుతురులోకి తిప్పి కొమ్మల కొసలు చూడండి. మిగతా ఆకు కంటే కొసలు లేతగా, పసుపు కలిసిన పచ్చగా ఉన్నాయా? ఉంటే చెట్టు పెరుగుతోందన్నమాట. చెట్టంతా ఒకటే రంగులో ఉండి, ఆ పచ్చలో కాస్త బూడిదరంగు కలిసి, ముట్టుకుంటే గరగరలాడుతోందంటే అనుమానించాలి. గోటితో ఓ చిన్న రెమ్మ మీద బెరడు కొద్దిగా గీరి చూడండి. కింద తడిగా పచ్చగా ఉంటే పర్వాలేదు. గోధుమరంగులో పొడిగా ఉంటే అది పోయినట్టే.

(సభలో ఒకరు: "ఇంత పచ్చగా ఉంది కదండీ!")

అవునమ్మా, జూనిపర్‌తో వచ్చిన చిక్కంతా అదే. వేరు కుళ్ళిపోయాక కూడా ఆకు వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. మల్లె మొక్కకి ఓ పూట నీళ్ళు తప్పితే సాయంత్రానికల్లా తల వాల్చి చెబుతుంది. జూనిపర్ చెప్పదు. మీరు తప్పు చేసింది సంక్రాంతికైతే అది ఎండిపోవడం శివరాత్రికి. ఈలోగా ఏది తప్పో మీకు గుర్తుండదు. ఎక్కువ నీళ్ళు పోశారా, కుండీ మార్చారా, ఆకు ఎక్కువ కత్తిరించారా, హాల్లో టీవీ పక్కన పెట్టారా... ఏదని చెప్పగలరు?

వంపు సంగతీ అంతే. జూనిపర్ కొమ్మకి ఇవాళ తీగ చుట్టి వంచితే ఆ వంపు నిలబడటానికి ఏడాదైనా పట్టొచ్చు, ఇంకా ఎక్కువైనా పట్టొచ్చు. తీగ తీసేస్తే మళ్ళీ పైకి లేస్తుంది, మళ్ళీ చుట్టాలి. అంటే మీరు చుట్టింది సరైందో కాదో తెలియడానికే ఏడాది. అలాంటి చెట్టు దగ్గర కొత్తవాళ్ళు ఏం నేర్చుకుంటారండీ? అందుకే నేను చెప్పేది ఒకటే. జూనిపర్ పెంచుకోండి, వద్దనను. కానీ తీగ చుట్టే చెయ్యి మాత్రం, తప్పు చేస్తే వెంటనే చెప్పే చెట్టు మీద తిప్పుకోండి. మన ఊళ్ళో ఆ చెట్టు సరుగుడు.

(నవ్వులు)

నవ్వుతారేంటండీ! పందిరి గుంజలకీ, సెంట్రింగుకీ వాడతామనేగా చులకన? ఇండోనేషియాలో, తైవాన్‌లో సరుగుడుతో చేసిన వామన వృక్షాల్ని ప్రదర్శనలకి పెడతారు. చూడటానికి దేవదారు జాతిలా కనిపిస్తుంది కానీ దానికీ దీనికీ చుట్టరికమే లేదు. మనం సూదులాకులు అనుకునేవి అసలు ఆకులే కావు, కణుపులున్న సన్నటి పచ్చ రెమ్మలు. నిజం ఆకులు ఆ కణుపుల దగ్గర చిన్న పొలుసుల్లా ఉంటాయి. చిన్నప్పుడు ఆ పుల్లని కణుపు దగ్గర విడదీసి మళ్ళీ దూర్చేసి, "ఎక్కడ తెగిందో చెప్పుకో" అని ఆడినవాళ్ళు ఇక్కడ ఎంతమంది? చూశారా, సగం చేతులు లేచాయి.

సరుగుడు ఇసుకలో బతుకుతుంది, ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది. కుండీలో పెడితే మాత్రం నీళ్ళు బాగా తాగుతుంది. నీళ్ళు తప్పితే రోజుల్లోనే కొసలు ఎండిపోతాయి. వేగంగా లావెక్కుతుంది కాబట్టి తీగ బిగుసుకున్నా వారాల్లోనే బెరడు మీద గాటు కనిపిస్తుంది. కొమ్మ పొరపాటున విరిగినా ముదురు కొమ్మ మీద నుంచి మళ్ళీ చిగురు వేస్తుంది. జూనిపర్ అలా వెయ్యదు. ఈ ఆఖరి మాట కాసేపట్లో మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు తీగ. రెండు రకాలున్నాయి, అల్యూమినియం, రాగి. మొదట్లో అల్యూమినియమే కొనుక్కోండి. మెత్తగా ఉంటుంది, తప్పు చుడితే విప్పి మళ్ళీ చుట్టొచ్చు. రాగి సన్నగా ఉన్నా పట్టు ఎక్కువ, పైగా వంగేకొద్దీ గట్టిపడుతుంది. జూనిపర్ పెద్దవాళ్ళయ్యాక... (నవ్వులు) అంటే మీరు జూనిపర్‌లో పెద్దవాళ్ళయ్యాక, రాగికి రండి. ఇంటి పని చేయించినప్పుడు మిగిలిన బైండింగ్ వైరు ఉందండీ అంటారు కొందరు. వద్దు. అది ఇనుము. ఈ సముద్రపు గాలికి నెల తిరక్కుండా తుప్పు పట్టి బెరడుని తినేస్తుంది.

రాగి తీగ కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. డాబాగార్డెన్స్‌లోనో పూర్ణా మార్కెట్ దగ్గరో కరెంటు సామాన్ల షాపుకి వెళ్ళి "రెండున్నర ఎంఎం వైరు ఇవ్వండి" అన్నారనుకోండి. ఆయన ఇచ్చేది రెండున్నర మిల్లీమీటర్ల లావు తీగ కాదు. కరెంటు వైరుకి చెప్పే అంకె అడ్డుకోత వైశాల్యం, చదరపు మిల్లీమీటర్ల లెక్క. ఒంటి తీగైతే 2.5 అన్నదాని లావు సుమారు 1.8 మిల్లీమీటర్లు. 4 అన్నది దాదాపు 2.25. 1.5 అన్నది 1.4 కూడా ఉండదు. కొమ్మకి తగిన లావు లెక్కేసుకుని వెళ్ళి ఇంతకంటే సన్నది తెచ్చుకుని, "నిలబడట్లేదండీ" అంటారు. ఎలా నిలబడుతుంది? పైగా ఇప్పుడు ఇళ్ళకి వేసే వైర్లలో ఎక్కువ భాగం సన్నపోగులు మెలిపెట్టినవే, అవి మనకి పనికిరావు. పాత సామాన్ల కొట్లో ఒంటితీగ రాగి దొరుకుతుంది. పైనున్న ప్లాస్టిక్‌ని చాకుతో గీరి తియ్యండి, కాల్చకండి, ఆ పొగ మంచిది కాదు. వట్టి రాగిని బొగ్గుల మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారిస్తే మెత్తబడుతుంది.

ఎంత లావు తీగ? కొమ్మ మొదలు దగ్గర ఎంత లావుందో అందులో మూడోవంతు. ఆరు మిల్లీమీటర్ల కొమ్మకి రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం. రాగి ఇంకాస్త సన్నదైనా చాలు. స్కేలు లేకపోతే తీగ కొసని కొమ్మకి ఆనించి నెట్టండి. ముందు తీగ వంగిందా, అది చాలదు. కొమ్మ కదిలిందా, సరిపోతుంది. తీగ పొడుగు కొమ్మ పొడుగుకి ఒకటిన్నర రెట్లు తీసుకోండి. అడుగు కొమ్మకి అడుగున్నర. చివర మిగిలితే కత్తిరించుకోవచ్చు కానీ చాలకపోతే మొదటికొస్తుంది వ్యవహారం.

ఇటు చూడండి, ఈ సరుగుడు మీద చేసి చూపిస్తాను. తీగకి ముందు పట్టు కావాలి. అందుకని ఒకే తీగతో దగ్గర దగ్గర ఎత్తుల్లో ఉన్న రెండు కొమ్మల్ని కలిపి చుడతాం. తీగ మధ్యభాగాన్ని మానుకి ఒక చుట్టు, వీలైతే ఒకటిన్నర చుట్టు వేసి, ఒక చివర ఈ కొమ్మకి, రెండో చివర ఆ కొమ్మకి. మాను మీద చుట్టు లేకుండా నేరుగా పోయారనుకోండి, ఒక కొమ్మ వంచితే రెండోది లేస్తుంది. కొత్తవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే తడబడతారు. మానునే వంచాలంటే తీగ కొసని మాను వెనకవైపు మట్టిలోకి కుండీ అడుగుదాకా దింపి, అక్కణ్ణించి పైకి చుట్టుకు రావాలి.

చుట్టు ఏటవాలుగా, 45 డిగ్రీల వంపులో పోవాలి. మరీ నిలువుగా సాగితే పట్టుండదు, మరీ దగ్గరగా చుడితే బరువే తప్ప బలముండదు. సన్నజాజి పందిరి గుంజకి అల్లుకున్నట్టు, తాకుతూ ఉండాలి, నొక్కకూడదు. మొదలు నుంచి కొసకే వెళ్ళాలి. ఎడమచెయ్యి అప్పటిదాకా చుట్టినదాన్ని కదలకుండా పట్టుకుంటే, కుడిచెయ్యి ముందుకి నడుస్తుంది. ఎడమచేతి వాటం వాళ్ళు తిప్పుకోండి. ముందు లావు తీగలు, తర్వాత సన్నవి. రెండో తీగ మొదటి తీగ పక్కనే నడవాలి, దాని మీదకి ఎక్కకూడదు. ఎక్కినచోట బెరడు నలుగుతుంది.

ఇంకో రెండు సంగతులున్నాయి. ఎక్కడ వంచాలనుకుంటున్నారో అక్కడ తీగ వంపుకి బయటివైపున ఉండేలా చూసుకోండి. కొమ్మ విరిగేది బయటివైపు నుంచే. అక్కడ తీగ ఉంటే నారని చీలనివ్వదు. రెండోది, కొమ్మని ఎటు మెలితిప్పాలనుకుంటారో తీగని కూడా అటువైపే చుట్టండి. ఎదురు చుడితే మెలితిప్పగానే తీగ వదులైపోతుంది.

వంచేటప్పుడు రెండు బొటనవేళ్ళూ వంపు లోపలివైపు ఆనించి, మిగతా వేళ్ళతో బయట నుంచి పట్టుకుని, మెల్లగా. చెవి కూడా పెట్టండి. చిన్న చిటపట వినిపిస్తే ఆగిపోవాలి, ఇంకాస్త అని మాత్రం అనకండి. ముందురోజు నీళ్ళు కొంచెం తగ్గిస్తే కొమ్మ కాస్త సాగుతుంది. లావు కొమ్మైతే తడిపిన గోగునారని గట్టిగా చుట్టి దానిమీద తీగ చుట్టండి. జపాన్‌లో రాఫియా అని ఒక తాటిజాతి నార వాడతారు. మనకి గోగునార ఉండగా అది దిగుమతి చేసుకోవడం దేనికి?

తీగ తియ్యడం గురించి ఎవరూ అడగరు. చుట్టినంత ఉత్సాహంగా ఎవరూ తియ్యరు కూడా. కట్టరు పెట్టి ఒక్కో చుట్టునీ కత్తిరించి ముక్కలుగా తియ్యండి. డబ్బులు పెట్టి కొన్న తీగ కదా అని వెనక్కి విప్పబోతే కొసలు విరుగుతాయి. చలిదేశాల్లో చెట్టు శీతాకాలం నిద్రపోతుంది కాబట్టి తీగ నెలల తరబడి అలా ఉన్నా ఇబ్బంది లేదు. ఇక్కడ సరుగుడు నిద్రపోదు. పదిహేను రోజులకోసారి చూడాల్సిందే, వానాకాలంలో ఇంకా ముందే. గాటు పడటం మొదలైతే వంపు నిలిచినా నిలవకపోయినా తీగ తీసెయ్యాలి. మళ్ళీ వేరేచోట నుంచి చుట్టుకోవచ్చు.

ఇప్పుడు జూనిపర్ దగ్గరికి వద్దాం. తీగ పద్ధతి అంతా ఇదే. తేడా చెట్టు స్వభావంలో ఉంది.

ఇందాక గుర్తుంచుకోమన్నాను కదా. జూనిపర్‌లో ఆకు లేని కొమ్మ మళ్ళీ చిగురించదు. మామిడి, చింత నరికిన చోట చిగురేస్తాయి. జూనిపర్ కొమ్మ పొడుగు తగ్గిద్దామని ఆకున్న భాగమంతా కత్తిరించి మోడు మిగిల్చారంటే ఆ కొమ్మ అయిపోయింది. అందుకని పొట్టి చెయ్యాలంటే లోపలివైపు ఉన్న చిన్న రెమ్మని బలపడనిచ్చి, తర్వాత దాని ముందు దాకా కత్తిరించాలి. ఓపిక పని. మరొకటి, జూనిపర్ బలం ఆకులోనే ఎక్కువ దాచుకుంటుంది. ఒకేసారి మూడోవంతు కంటే ఎక్కువ ఆకు తియ్యకండి. గోళ్ళతో కొసలన్నీ గిల్లే అలవాటు కొందరికి ఉంటుంది, కాఫీ తాగుతూ గిల్లుతారు. పెరిగే కొసలన్నీ పోతే వేరు కూడా నీరసిస్తుంది. కత్తెరతో, రెమ్మ గోధుమరంగులోకి మారినచోట, ఆకుని కొయ్యకుండా కొయ్యండి.

మరి మొదటిరోజు ఏం చెయ్యాలి? శుభ్రం చెయ్యండి చాలు. లోపల ఎండి గోధుమరంగైన ఆకు తీసెయ్యండి, కొమ్మ కిందికి వేలాడే రెమ్మలు తీసెయ్యండి, మాను మొదట్లో మట్టి కాస్త తప్పించి వేరు ఎక్కణ్ణించి విచ్చుకుందో చూడండి. ముళ్ళలా ఉండే ఆకు చర్మానికి దురద పుట్టిస్తుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. అన్నివైపుల నుంచీ తిప్పి చూసి చెట్టు ముఖం, అంటే చూసేవాళ్ళకి ఎదురుగా ఉండాల్సిన వైపు, ఎటో నిర్ణయించుకోండి. ఆ రోజుకి అంతే. కొమ్మలు వంచిన ఏడాది కుండీ మార్చకండి, కుండీ మార్చిన ఏడాది కొమ్మలు వంచకండి. రెండూ ఒకేరోజు చేసి ఫొటో తీసుకునేవాళ్ళున్నారు. ఆ ఫొటోలో చెట్టు పచ్చగానే ఉంటుంది మరి!

(నవ్వులు)

మన వాతావరణం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. జూనిపర్ శీతాకాలం చలి కోరుకుంటుంది. విశాఖలో జనవరి రాత్రుళ్ళు కూడా 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. లంబసింగిలో ఉన్నవాళ్ళకి ఈ బెంగ లేదు. మనకి మిగిలిన దారి ఏంటంటే, దానికి ఇతర కష్టాలు తక్కువ చెయ్యడం. పూర్తిగా ఆరుబయటే ఉండాలి, ఇంట్లో పెట్టకూడదు. పొద్దున్న ఎండ బాగా తగలాలి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం ఎండకి గ్రీన్ నెట్ వెయ్యాలి. మట్టిలో నీరు నిలవకూడదు. జపాన్ వాళ్ళ అకడామా మట్టి కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇటుక ముక్కలు నలగ్గొట్టి జల్లెడ పట్టి, రెండు నుంచి అయిదు మిల్లీమీటర్ల సైజు తీసుకుని, పొడి పారేసి, ముతక నది ఇసుక, కొద్దిగా ఆకు ఎరువు కలపండి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు. తీగ పని డిసెంబరు, జనవరిలో పెట్టుకోండి. అక్టోబరులో అస్సలు వద్దు, తుఫాను వస్తుందంటే అప్పుడే ఒంగిన కొమ్మల చెట్టుని ఇంట్లోకీ బయటికీ మొయ్యలేరు.

తుఫాను అన్నాను కాబట్టి ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊరి చెట్లు ఎలా పడ్డాయో చూసినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. పడిపోకుండా ఒక పక్క విరిగి, రెండో పక్క నుంచి మళ్ళీ పెరిగిన చెట్లని కూడా చూసే ఉంటారు. జూనిపర్ మీద తెల్లటి ఎండుకట్టె ఎందుకు వదులుతారంటే మూలం అదే. జపాన్‌లో నీగాత వైపు ఇతోయిగావా అనే ఊరి దగ్గర కొండచరియల మీద జూనిపర్లు మంచు బరువుకీ గాలికీ ఒకవైపు చచ్చి, ఒక్క సన్నటి బెరడు పట్టీతో బతికేవి. వాటిని తెచ్చి కుండీల్లో పెట్టారు. ఎండిన కొమ్మని జిన్ అంటారు, మాను మీద బెరడు పోయిన చారని షారి అంటారు. ఏ కొమ్మకి నీళ్ళు ఏ వేరు నుంచి వస్తున్నాయో ఆ దారి తెలియకుండా షారి గీస్తే పైకొమ్మ చచ్చిపోతుంది. కాబట్టి మొదటి రెండు మూడేళ్ళు దాని జోలికి వెళ్ళకండి. ఎలాగూ తీసెయ్యాల్సిన కొమ్మ ఉంటే దాన్ని మొదలంటా కొయ్యకుండా కాస్త వదిలి, బెరడు ఒలిచి జిన్ చేసుకోండి, అది చాలు.

ఒకే చెట్టుకి అన్నీ చెయ్యాలనే ఆత్రం ఉన్నవాళ్ళకి జాన్ నాకా గారి జూనిపర్ల సంగతి చెబుతుంటాను. అమెరికాలో ఈ విద్యని నిలబెట్టినవాళ్ళలో ఆయన పెద్దవారు. 1948లో రెండు జూనిపర్లతో ఒక కూర్పు మొదలుపెట్టారు. అది పెరిగి పెరిగి పదకొండు చెట్ల అడవి అయింది, ఒక్కొక్కటీ ఒక్కో మనవడి పేరు మీద, మనవరాలి పేరు మీద. 1984లో ఇచ్చేశారు, ఇప్పుడది వాషింగ్టన్‌లోని నేషనల్ అర్బొరేటం అనే చెట్ల తోటలో ఉంది.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ప్రశ్న: "మేడమ్, మా ఫ్లాటు బీచి రోడ్డు మీద. బాల్కనీ సముద్రానికి ఎదురు. పెట్టొచ్చా?")

పెట్టొచ్చు బాబూ. ఉప్పుగాలి గట్టిగా వీచిన రోజున సాయంత్రం ఆకు మీద మంచినీళ్ళు చిలకరించి కడిగెయ్యండి. బాల్కనీ గోడ వేడిని తిరగ్గొడుతుంది, గోడకి ఆనించకండి. ఎనిమిదో అంతస్తు గాలికి మట్టి ఎంత తొందరగా ఆరుతుందో కింది అంతస్తు వాళ్ళకి తెలియదు, కాబట్టి పక్కింటివాళ్ళ లెక్క చూసి నీళ్ళు పొయ్యకండి. వేలు మట్టిలో పెట్టి చూడండి. పైన ఆరడం మొదలైతే, అడుగు కన్నాల్లోంచి కారేదాకా పొయ్యండి.

(ప్రశ్న: "ఆకు రంగు వెలిసిపోతోందండీ, ఏటి చెయ్యాలి?")

ఎండా పొడిగాలీ ఎక్కువైన నెలల్లో ఎర్రనల్లి పడుతుందండీ. కంటికి సరిగ్గా కనబడదు. తెల్లకాగితం కింద పెట్టి కొమ్మని తట్టండి. చుక్కలు పడి అవి కదిలాయంటే అదే. గొట్టంతో ఆకు అడుగునుంచి నీళ్ళు జోరుగా కొట్టండి, రెండు మూడు రోజులకోసారి. తగ్గకపోతే వేపనూనె పల్చగా కలిపి సాయంత్రం పూట కొట్టండి, ఎండలో వద్దు.

(ప్రశ్న: "తీగ చుట్టాక ఎరువు వెయ్యొచ్చా మేడమ్?")

వద్దమ్మా. రెండు మూడు వారాలు నీడపట్టున పెట్టి, ఆకు తడుపుతూ ఉండండి. కొసల్లో లేతరంగు మళ్ళీ కనబడ్డాక, అప్పుడు ఎరువు.

సరే, ఇక చేతుల్లోకి వద్దాం. జూనిపర్లన్నీ ఆ కిటికీ బయట గట్టు మీద పెట్టెయ్యండి, ఇవాళ వాటికి కత్తెరా లేదు, తీగా లేదు. రెండో బల్ల మీద సరుగుడు కవర్లు ఉన్నాయి, మనిషికొకటి తీసుకోండి. తీగ రెండు లావుల్లో పెట్టాం, కొమ్మ కొలుచుకుని మీకు ఏది కావాలో మీరే చెప్పాలి. కట్టర్లు నాలుగే ఉన్నాయి, అడిగి పుచ్చుకోండి.